చిన్న ట్రాక్టరుకు గ్రాపుల్ ఎంచుకునే ముందు చూడవలసినవి

నరికిన కొమ్మల కుప్పలను, కూలిన చెట్ల దుంగలను, పెకలించిన మోళ్ళను, నేలలోంచి తేలిన బండరాళ్ళను లోడరు (ట్రాక్టరు ముందు బిగించే, పైకి లేచే రెండు ఇనుప చేతులు) బకెట్‌తో తరలించబోయినవారికి ఒక ఇబ్బంది బాగా తెలిసే ఉంటుంది. బకెట్ కిందినుంచి తోడగలదు కాని పైనుంచి అదిమి పట్టలేదు. ఎత్తిన కొమ్మల్లో సగం దారిలోనే జారిపోతాయి, గుండ్రటి దుంగ అయితే బకెట్ అంచు మీద నిలవనే నిలవదు. ఈ లోటును తీర్చేదే గ్రాపుల్. కింద వంపు తిరిగిన ఇనుప పళ్ళ వరుస, పైన హైడ్రాలిక్ సిలిండరుతో తెరుచుకుని మూసుకునే మూత, ఈ రెండూ దవడల మాదిరిగా కలిసి సరుకును బిగించి పడతాయి. ఇద్దరు ముగ్గురు మనుషులు పూటంతా వంగి ఏరవలసిన కంపను ఒక్కరే, సీటు మీద నుంచి దిగకుండా, తక్కువ సమయంలో కుప్ప వేయగలుగుతారు.

ఇంత ఉపయోగపడే పరికరాన్ని కూడా చాలామంది ట్రాక్టరు హార్స్‌పవర్ చూసి, ఆ తరవాత అందుబాటులో ఉన్నవాటిలో పెద్దది చూసి ఎంచుకుంటారు. 20 నుంచి 50 హార్స్‌పవర్ దాకా ఉండే చిన్న ట్రాక్టర్ల విషయంలో ఈ పద్ధతి సరికాదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ హద్దు గీసేది ఇంజను కాదు, లోడరు. గ్రాపుల్ సొంత బరువు ఎంత పెరిగితే లోడరు ఎత్తగలిగే సరుకు అంత తగ్గుతుంది. కాబట్టి ఎంపిక మొత్తం లోడరు బరువు లెక్క నుంచి మొదలుకావాలి.

లోడరు లెక్క

లోడరు మాన్యువల్‌లో ఎత్తే సామర్థ్యానికి సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది బకెట్ తగిలించే పిన్నుల దగ్గర, చేతులు పూర్తిగా పైకి లేచినప్పుడు ఎత్తగలిగే బరువు. రెండవది ఆ పిన్నుల నుంచి 500 మిల్లీమీటర్లు ముందుకు జరిగిన చోట ఎత్తగలిగే బరువు. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది మొదటి అంకె. పనికి దగ్గరగా ఉండేది రెండవది. సరుకు ఎప్పుడూ పిన్నుల మీద ఉండదు, ముందుకు సాగిన పళ్ళ మీద ఉంటుంది, ముందుకు జరిగినకొద్దీ లోడరు మీద భారం పెరుగుతుంది. రెండు అంకెల మధ్య తేడా నాలుగో వంతు వరకు ఉండడం అరుదేమీ కాదు. వీటితోపాటు నేల దగ్గర పెకలించే బలం అని మూడో అంకె కూడా కనిపించవచ్చు. అది బకెట్‌ను వెనక్కి వంచేటప్పుడు పుట్టే బలం. ఎత్తే సామర్థ్యంతో దానిని కలిపి చూడకూడదు. ఇచ్చిన అంకెలో బకెట్ బరువు ముందే తీసివేశారా, లేదా అన్నది కూడా చదివి తేల్చుకోవాలి, ఎందుకంటే కొందరు తయారీదారులు ఒక విధంగా, కొందరు మరో విధంగా రాస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 500 మిల్లీమీటర్ల ముందు 480 కిలోలు ఎత్తే లోడరు ఉందనుకుందాం. దానికి 160 కిలోల గ్రాపుల్ తగిలిస్తే సరుకుకు మిగిలేది 320 కిలోలు. అదే పని కోసం దృఢంగా కనిపించిందని 280 కిలోల గ్రాపుల్ కొంటే మిగిలేది 200 కిలోలే. ఇప్పుడు ఈ అంకెలను సరుకు పక్కన పెట్టి చూడాలి. 40 సెంటీమీటర్ల అడ్డుకొలత, 2.4 మీటర్ల పొడవు ఉన్న పచ్చి గట్టి కర్ర దుంగ ఘనపరిమాణం సుమారు 0.3 ఘనపు మీటర్లు. పచ్చి కర్ర ఘనపు మీటరుకు 900 నుంచి 1000 కిలోల దాకా తూగుతుంది కనుక ఆ దుంగ బరువు 300 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. 60 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గుండ్రటి రాయి కూడా దాదాపు అంతే తూగుతుంది. తేలికపాటి గ్రాపుల్‌తో ఈ రెండూ లేస్తాయి. బరువైన గ్రాపుల్‌తో రెండూ లేవవు. ఒకే ట్రాక్టరు, ఒకే లోడరు. తేడా అంతా ముందు తగిలించిన ఇనుములోనే ఉంది.

కొమ్మలు, కంప విషయంలో చిక్కు వేరే రకంగా ఉంటుంది. వాటి బరువు తక్కువే అయినా కుప్ప ముందుకు బాగా సాగి ఉంటుంది కాబట్టి, 500 మిల్లీమీటర్ల లెక్క కూడా అక్కడ ఆశావహమే అవుతుంది. అందువల్ల లెక్కలో తేలిన దానిలో నాలుగో వంతు పక్కన పెట్టి, మిగిలినదే నా పనికి అందే బరువు అనుకోవడం మంచిది. లోడరు చేతులకు, గ్రాపుల్‌కు మధ్య మార్పిడి పలక పెట్టవలసి వస్తే దాని బరువును కూడా లెక్కలోంచి తీసివేయాలి. అది గ్రాపుల్‌ను కొన్ని సెంటీమీటర్లు ముందుకు నెడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

లోడరు ఎత్తగలిగినంత మాత్రాన ట్రాక్టరు మోయగలదని కాదు. ముందు బరువు పెరిగేకొద్దీ వెనక చక్రాలు తేలికవుతాయి. మూడు పాయింట్ల లింకేజీకి కట్టిన బరువుపెట్టె గాని, బరువైన పనిముట్టు గాని, వెనక టైర్లలో నింపిన ద్రవం గాని లేకుండా గ్రాపుల్ పని చేయడం ప్రమాదం. వీటిలో లింకేజీకి కట్టిన బరువు మిగతావాటికన్నా మేలు, ఎందుకంటే అది వెనక ఇరుసుకు ఆవల వేలాడుతూ ముందు ఇరుసు మీద భారాన్ని కూడా కొంత తగ్గిస్తుంది. టైర్లలోని ద్రవం ఆ పని చేయలేదు. ఎంత బరువు కట్టాలో లోడరు మాన్యువల్‌లో ఉంటుంది. గ్రాపుల్ కొనే ఖర్చులోనే దీనిని కూడా కలిపి లెక్కవేసుకోవాలి.

ఏ రకం

అమ్మకంలో కనిపించే రకాలు చాలా ఉన్నా చిన్న ట్రాక్టరు వాడేవారికి నిజంగా పనికివచ్చేవి మూడో నాలుగో. వాటిలో ఎక్కువమందికి సరిపోయేది రూట్ గ్రాపుల్. దీని కింది భాగంలో పలక ఉండదు, 15 నుంచి 25 సెంటీమీటర్ల ఎడంతో నిలిపిన పళ్ళు మాత్రమే ఉంటాయి. పళ్ళను నేల మీద ఆనించి మెల్లగా ముందుకు పోతే కంప, వేళ్ళు, కొమ్మలు పళ్ళ మీదికి ఎక్కుతాయి, మట్టి మాత్రం సందుల్లోంచి కిందికి రాలిపోతుంది. కాల్చవలసిన లేదా ముక్కలు చేయవలసిన కుప్పలో మట్టి చేరకపోవడం చిన్న లాభం కాదు. పై మట్టి పొలంలోనే మిగులుతుంది, కుప్ప త్వరగా ఆరుతుంది, ముక్కలు చేసే యంత్రం కత్తులు మొద్దుబారవు.

రూట్ గ్రాపుల్‌లో కూడా కింది దవడ ఆకారం రెండు విధాలుగా ఉంటుంది. ఒక రకంలో కింది పళ్ళు పొడవుగా, దాదాపు నేలకు సమాంతరంగా ముందుకు సాగుతాయి. వాటిని కంప కుప్ప కిందికి దూర్చడం తేలిక, బల్లపరుపు సామాను కూడా పట్టుకోవచ్చు. రెండవ రకంలో కింది పళ్ళు, పై పళ్ళు రెండూ వంగి గోళ్ళ మాదిరిగా ఎదురెదురుగా కలుస్తాయి. వీటితో దుంగను, మోడును, రాయిని పట్టడం బాగా కుదురుతుంది, నేలలోకి దించి వేళ్ళను పెకలించడమూ సులువే. పొడవైన పళ్ళ రకంలో సరుకు పిన్నుల నుంచి దూరంగా పోతుంది కనుక, లోడరు బలం తక్కువగా ఉన్న చిన్న ట్రాక్టరుకు పొట్టి పళ్ళ వంపు రకమే మేలని నేను చెబుతాను. కంప ఏరడమే ప్రధానమైన పని అయితే మాత్రం మొదటి రకాన్ని కాదనడానికి కారణం లేదు.

రాళ్ళు ఏరడానికి ప్రత్యేకించిన గ్రాపుల్‌లో పళ్ళు దగ్గరగా, 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎడంతో ఉంటాయి. ఇనుము ఎక్కువ పడుతుంది కాబట్టి బరువూ ఎక్కువే. పొలం నిండా పిడికిలి కన్నా పెద్ద రాళ్ళు ఉంటే తప్ప చిన్న ట్రాక్టరుకు ఇది మొదటి ఎంపిక కాకూడదు. ఉన్న బకెట్‌కే పైన బిగించే దవడ కూడా దొరుకుతుంది. దానితో మట్టి పని మానుకోనక్కరలేదు, ఖర్చు కూడా తక్కువ. అయితే బకెట్ అడుగున మట్టి నిలుస్తుంది, పైన బిగించిన దవడ బరువు మామూలు మట్టి పనిలో కూడా వెంట ఉంటుంది. ప్యాలెట్ ఫోర్కుల (సరుకు కిందికి దూర్చి ఎత్తే రెండు ఇనుప కొమ్ముల) మీద బిగించే దవడ, వంకరలేని తిన్నని దుంగల పని ఎక్కువ ఉన్నవారికి మాత్రమే.

వెడల్పు విషయంలో ఆశ పడకూడదు. చిన్న ట్రాక్టర్లలో చిన్నవాటికి 1.2 మీటర్లు, కాస్త పెద్దవాటికి 1.5 మీటర్లు సరిపోతుంది. ట్రాక్టరు టైర్ల బయటి వెడల్పుకు దాదాపు సమానంగా ఉంటే కంప టైర్ల కింద పడకుండా ఉంటుంది, చెట్ల మధ్య సందుల్లోకి దూరడానికీ ఇబ్బంది ఉండదు. వెడల్పు ఎక్కువైతే బరువు పెరగడం ఒక్కటే నష్టం కాదు. గ్రాపుల్ ఒక మూల నేలలో ఉన్న మోడుకు తగులుకున్నప్పుడు ఆ దెబ్బ లోడరు చేతులను మెలిపెడుతుంది, వెడల్పు పెరిగేకొద్దీ ఆ మెలి బలంగా ఉంటుంది. మెలి తిరిగిన లోడరు చేతులను తిరిగి సరిచేయడం చాలా కష్టం.

ఒక మూతా, రెండు మూతలా అన్న ప్రశ్న కూడా వెడల్పుతో ముడిపడినదే. రెండు మూతలు విడివిడిగా మూసుకునే గ్రాపుల్‌లో ఒక పక్క లావుపాటి మొదలు, మరో పక్క సన్నని కొమ్మలు ఉన్న కుప్పను కూడా రెండు వైపులా గట్టిగా పట్టవచ్చు. ఒకే నూనె దారి మీద ఉన్న రెండు సిలిండర్లలో అడ్డు తక్కువ ఉన్నది ముందు కదులుతుంది, అది సరుకుకు తగిలి ఆగాక రెండవది కదులుతుంది. చక్కని ఏర్పాటే, కాని అదనపు మూతకు, సిలిండరుకు, గొట్టాలకు పడే బరువు చిన్న లోడరుకు భారమే. 1.2 మీటర్ల గ్రాపుల్‌కు నడిమధ్యన ఒక్క మూత చాలు. 1.5 మీటర్లు, లోడరు బలం కూడా అందుకు తగినట్టు ఉంటే రెండు మూతల గురించి ఆలోచించవచ్చు.

హైడ్రాలిక్ ఏర్పాటు

గ్రాపుల్ కొన్న తరవాత ఎక్కువమందికి ఎదురయ్యే చిక్కు ఇక్కడే. లోడరుకు మామూలుగా రెండు పనులే ఉంటాయి: చేతులను లేపి దించడం, బకెట్‌ను వంచి తిప్పడం. మూతను తెరిచి మూయడానికి మూడో నూనె దారి కావాలి. దానిని మూడు విధాలుగా సమకూర్చుకోవచ్చు.

అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యేది, ట్రాక్టరు వెనక ఉన్న రిమోట్ వాల్వుల (బయటి పనిముట్లకు నూనె అందించే వాల్వుల) నుంచి గొట్టాలను ముందుకు తీసుకురావడం. పని జరుగుతుంది, కాని మూత మూయాలనుకున్న ప్రతిసారీ లోడరును నడిపే జాయ్‌స్టిక్ మీద నుంచి చేతిని తీసి మరో లీవరు మీద వేయాలి. ఎప్పుడో ఒకసారి కంప ఎత్తేవారికి ఇది సరిపోతుంది. రెండవది డైవర్టర్ వాల్వు. జాయ్‌స్టిక్ మీద బటన్ నొక్కి పట్టుకుంటే బకెట్ వంచే నూనె మూత వైపు మళ్ళుతుంది. ఖర్చు మధ్యస్థం, కాని వంచడమూ బిగించడమూ ఏకకాలంలో కుదరవు. దుంగను పట్టేటప్పుడు గ్రాపుల్‌ను కాస్త వెనక్కి వంచుతూనే మూతను మూయాలనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే ఈ లోటు తెలుస్తుంది. మూడవది థర్డ్ ఫంక్షన్ వాల్వు. ఇది పంపు నుంచి వచ్చే దారిలోనే కరెంటుతో పనిచేసే వేరే వాల్వును పెట్టి, జాయ్‌స్టిక్ పిడి మీద ఉన్న బటన్లతో మూతను నడిపిస్తుంది. తరచుగా గ్రాపుల్ వాడదలచినవారు గ్రాపుల్‌లోనైనా ఖర్చు తగ్గించుకుని దీనిని పెట్టించుకోవడం మంచిదని నేను నమ్ముతున్నాను. చేయి జాయ్‌స్టిక్ మీద, చూపు సరుకు మీద నిలిచి ఉండడం సౌకర్యం కోసమే కాదు, భద్రత కోసం కూడా. కిట్ కొనేటప్పుడు మీ ట్రాక్టరు మోడల్‌కు తయారుచేసినదే తీసుకోవాలి. చిన్న ట్రాక్టర్లలో ఎక్కువ శాతం గేరు పంపుతో నడిచే ఓపెన్ సెంటర్ రకం, అంటే లీవర్లు కదపనప్పుడు కూడా నూనె ఆగకుండా తిరుగుతూ ఉండే రకం. వేరే రకానికి చేసిన వాల్వును దానికి కలిపితే నూనె వేడెక్కడం, లింకేజీ లేవకపోవడం వంటి తంటాలు వస్తాయి.

పీడనం, ప్రవాహం గురించి మరీ బెంగపడనవసరం లేదు. 50 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సిలిండరు 150 బార్ల పీడనంతో దాదాపు 3000 కిలోల బలంతో తోస్తుంది. మూత మలుపు పిన్ను నుంచి సిలిండరు తోసే చోటు 15 సెంటీమీటర్ల దూరంలో, పళ్ళ కొస 75 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కొస దగ్గరకు వచ్చేసరికి అందులో ఐదో వంతు, అంటే 600 కిలోల బిగింపు మిగులుతుంది. చిన్న లోడరు ఎత్తే సరుకుకు అది చాలు. ఆ సిలిండరు 20 సెంటీమీటర్లు చాచుకోవడానికి 0.4 లీటర్ల నూనె పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు ఇచ్చే పంపు దానిని ఒకటిన్నర సెకనులోపే నింపుతుంది. పెద్ద యంత్రాల కోసం చేసిన లావుపాటి సిలిండర్లు చిన్న పంపు మీద మందకొడిగా కదులుతాయి, ఆ బిగింపుకు మీ సన్నని దుంగలు చితికిపోవచ్చు కూడా.

గొట్టాలను కలిపే కప్లర్లు చదునైన ముఖం ఉన్నవి అయితే మేలు. గుంట ఉన్న పాత రకంలో మట్టి, రంపపు పొట్టు చేరి కలిపేటప్పుడు నూనెలోకి పోతుంది. చదునైన దానిని గుడ్డతో ఒక్కసారి తుడిస్తే శుభ్రమవుతుంది, విడదీసేటప్పుడు నూనె కూడా దాదాపు కారదు. గ్రాపుల్‌ను విడదీసే ముందు దానిని నేల మీద దించి, ఇంజను ఆపి, మూత బటన్లను రెండు వైపులా నొక్కి పీడనాన్ని తగ్గించాలి. అలా చేయకుండా ఎండలో వదిలేస్తే గొట్టాల్లో చిక్కుకున్న నూనె వ్యాకోచించి, తిరిగి కలపబోయినప్పుడు కప్లరు ఎంత నొక్కినా కూర్చోదు.

తగిలింపు, ఇనుము, కూర్పు

గ్రాపుల్ వెనక పలక మీ లోడరు తగిలింపుతో కలవాలి. ఎక్కువగా వాడుకలో ఉన్నది స్కిడ్ స్టీర్ (ఆ పేరు గల చిన్న లోడరు యంత్రాల నుంచి వచ్చిన తగిలింపు) రకం. జాన్ డీర్ కంపెనీ చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి సొంత తగిలింపు ఉంది. మరికొన్ని ట్రాక్టర్లలో బకెట్ నేరుగా పిన్నులతో బిగించి ఉంటుంది. ఏది ఉన్నదో చూసుకుని దానికి తగిన పలకతోనే కొనాలి.

ఇనుము దళసరిగా ఉంటే మంచిదన్న మాట చిన్న ట్రాక్టరుకు వర్తించదు. మామూలు మెత్తటి ఉక్కుతో 12 మిల్లీమీటర్ల దళసరి పళ్ళకన్నా, ఎక్కువ బలం ఉన్న ఉక్కుతో 10 మిల్లీమీటర్ల పళ్ళు తేలికగా ఉండి, వంగకుండా నిలవగలవు. మామూలు ఉక్కు వంగిపోయే హద్దు 250 మెగాపాస్కళ్ళ దగ్గర ఉంటే, గ్రేడ్ 50 అని అమ్మేదానికి ఆ హద్దు 345 మెగాపాస్కళ్ళు. పళ్ళ కొసలకు అరుగుదలను తట్టుకునే ఉక్కు వాడితే ఇంకా మంచిది. అమ్మేవారు ఉక్కు పేరు చెప్పలేకపోతే, దళసరి ఒక్కటే చెబుతుంటే, నేనైతే ఆ గ్రాపుల్‌ను పక్కన పెడతాను.

దగ్గరగా వెళ్ళి చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మూత మలుపు పిన్నులకు గ్రీజు పెట్టే నిపుల్‌లు ఉన్నాయా, అవి చేతికి అందే చోట ఉన్నాయా చూడాలి. పిన్నుల చుట్టూ మార్చుకోగలిగే బుష్‌లు ఉండాలి. సిలిండరును, గొట్టాలను కంప లోంచి కాపాడే కవచం ఉండాలి. కొమ్మ ఒకటి గొట్టం కిందుగా దూరి ట్రాక్టరు ముందుకు కదిలితే గొట్టం తెగడానికి క్షణం పట్టదు. మూతను పూర్తిగా మూయించి పై పళ్ళ కొసలు కింది పళ్ళ సందుల్లోకి దిగుతున్నాయో, పైనే ఆగుతున్నాయో గమనించాలి. కొసలు పైనే ఆగే గ్రాపుల్‌లో లావుపాటి దుంగ నిలుస్తుంది కాని, చేయి మందం కర్ర దొర్లి జారిపోతుంది. కంప ఏరేటప్పుడు ఎక్కువగా ఎదురయ్యేవి ఆ సన్నని కర్రలే.

కొనేముందు వీలైతే గ్రాపుల్‌ను మీ ట్రాక్టరుకే తగిలించి చూడాలి. చేతులను కిందికి దించి గ్రాపుల్‌ను పూర్తిగా వెనక్కి వంచి, మూతను పూర్తిగా తెరవాలి. మూత వెనక భాగం లోడరు అడ్డపట్టీకి గాని, బానెట్‌కు గాని తగలకూడదు. ఆ తరవాత పైకి లేపి పూర్తిగా ముందుకు దించి, గొట్టాలు బిగుసుకుంటున్నాయేమో, వెనక్కి వంచినప్పుడు మడత పడి నలుగుతున్నాయేమో చూడాలి. చివరగా సీటులో కూర్చుని, గ్రాపుల్ నేల మీద ఉండగా పళ్ళ కొసలు కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. కొసలు కనబడకుండా రోజంతా పనిచేయడం కష్టం, పాతుకున్న మోళ్ళకు గుద్దుకోవడానికి కూడా అదే కారణమవుతుంది.

పనిలోకి దింపాక

గ్రాపుల్‌తో వచ్చే ప్రమాదాల్లో చాలావాటికి కారణం సరుకును ఎత్తులో ఉంచడమే. సరుకును నేలకు వీలైనంత దగ్గరగా ఉంచి తరలించాలి, వాలులో అడ్డంగా పోకూడదు, రోల్‌బార్‌ను (ట్రాక్టరు బోల్తా పడినా నడిపేవారిని కాపాడే ఇనుప చట్రాన్ని) నిలబెట్టి సీటు బెల్టు పెట్టుకోవాలి. దుంగను ఎత్తి గ్రాపుల్‌ను మరీ వెనక్కి వంచితే, పట్టు తప్పినప్పుడు అది చేతుల మీదుగా జారి నడిపేవారి మీదికే వస్తుంది. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ముందు బరువుతో వెనక చక్రాలు తేలికైనప్పుడు పల్లంలో అవి ఆపలేవు కనుక, నాలుగు చక్రాల నడకను ముందే వేసుకుని దిగాలి. నిలబడి ఉన్న చెట్టును, అది ఎంత చిన్నదైనా, గ్రాపుల్‌తో తోసి పడగొట్టబోకూడదు, పైనున్న ఎండు కొమ్మ విరిగి తలమీద పడవచ్చు. గట్టి మోడును పెకలించేటప్పుడు ట్రాక్టరును వేగంగా తెచ్చి గుద్దకుండా, చుట్టూ వేళ్ళను ఒక్కొక్కటిగా పళ్ళతో లాగి తెంపుకుంటూ రావాలి. అప్పుడు కూడా పని గ్రాపుల్ నడిమధ్య పళ్ళతో సాగాలి, మూల పన్నుతో కాదు. రేడియేటరు ముందు జల్లెడలో ఆకులు, పొట్టు త్వరగా నిండుతాయి కాబట్టి పని మధ్యలో దిగి దులపాలి. దిగే ముందు గ్రాపుల్‌ను నేల మీద ఆనించి ఇంజను ఆపడం మరవకూడదు.

కొత్త గ్రాపుల్‌తో మొదటి కొన్ని గంటలు పని చేశాక బోల్టులన్నీ మళ్ళీ బిగించి, గొట్టాల కీళ్ళ దగ్గర నూనె చెమ్మ ఉందేమో చూడాలి. చెమ్మ కనిపిస్తే చేత్తో తడమకుండా అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. సన్నని రంధ్రం లోంచి చిమ్మే హైడ్రాలిక్ నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పళ్ళ వెల్డింగులను, ముఖ్యంగా మూల పళ్ళ మొదళ్ళను, గ్రీజు పెట్టే ప్రతిసారీ తుడిచి చూడండి. రంగు మీద వెంట్రుకంత గీత కనిపిస్తే, వెల్డింగు చేయించేదాకా ఆ గ్రాపుల్‌ను పనిలోకి దించకండి.